తొమ్మిదో నంబరు పాదుకలు

సన్యాసం పుచ్చుకోవాలన్న కోరిక నాకు జీతం పడిన వారంలో ఎప్పుడూ కలగలేదు. ఇరవయ్యో తారీకు దాటాకే కలిగేది. ఈ సంగతి మా ఆవిడ ఎప్పుడో కనిపెట్టింది. నాకే ఆలస్యంగా తెలిసింది.

నాచారం పారిశ్రామికవాడలో ఒక కంపెనీ స్టోర్సులో నా ఉద్యోగం. నట్లు, బోల్టులు, వాషర్లు లెక్కపెట్టి రిజిస్టర్లో రాయాలి. ఇల్లు ఉప్పల్లో, చిలుకానగర్ వైపు. స్కూటరు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడల్లా ‘ఛీ, ఏం బతుకు’ అనుకునేవాణ్ణి. అదే వైరాగ్యమని గట్టిగా నమ్మాను. పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని పెద్దలు మూడు చెప్పారు. నాది నాలుగోది, ఉప్పల్ రింగురోడ్డు వైరాగ్యం. సిగ్నల్ పడితే పోయేది.

మా నాచారానికి కాషాయం కొత్తేమీ కాదు. ముఖ్యమంత్రి కుర్చీలో ఉండగానే కాషాయం కట్టిన ఎన్టీఆర్ స్టూడియో ఇక్కడే ఉంది. ఆయన కట్టగా లేనిది నేను కడితే ఏం తప్పనుకున్నాను. ఒక శుక్రవారం రాత్రి కావిరాయి పొడి కొనుక్కొచ్చి, బకెట్లో కలిపి, నా తెల్ల ధోతీ ముంచాను. పొద్దున్నే పిండి వాషింగ్ మెషీన్లో పడేశాను. అందులో మా అమ్మాయి శనివారం తెల్ల యూనిఫాం ఉందన్న సంగతి చూసుకోలేదు. గులాబీ రంగు గౌనేసుకుని పిల్ల బడికి పోయి, గేటు దగ్గర నిలబడాల్సి వచ్చింది. “సన్యాసం మీరొక్కరే తీసుకుంటారా, ఇంటిల్లిపాదికీ ఇప్పిస్తారా?” అంది మా ఆవిడ. నా ధోతీకేమో రంగు సరిగ్గా ఎక్కలేదు. మధ్యలో ఒక తెల్లమచ్చ, తెలంగాణ మ్యాపులా ఉండిపోయింది.

అప్పట్లో నాకొక గురువుగారు ఉండేవారు. ఉండేవారని నేననుకునేవాణ్ణి. ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు. సర్కారు బడిలో తెలుగు పండితుడిగా రిటైరై, నాచారంలో మేడమీద గదిలో ఆదివారం పొద్దున వివేకచూడామణి చెప్పేవారు. అందరం సారు అనేవాళ్లం. ఫీజు లేదు. కానీ పనులుండేవి. ట్యూబులైటు చోక్ మార్చడం, చాపలు దులపడం. క్లాసుకొచ్చే ఒక పెద్దావిడకు పింఛను కోసం లైఫ్ సర్టిఫికెట్ ఇప్పించుకురమ్మని నన్ను రెండు మూడుసార్లు అడిగారు. క్లాసు పోతుందని తప్పించుకున్నాను. ఆత్మానాత్మ వివేకం జరుగుతుంటే మీసేవ క్యూలో నిలబడేదెవరు?

ధోతీ ఆరాక ధైర్యం చేసి అడిగాను. “సార్, నాకు సన్యాస దీక్ష ఇప్పించండి.”

“నేను సంసారినయ్యా. సన్యాసం సన్యాసే ఇవ్వాలె” అన్నారు. అంతమాత్రం తెలియకుండానే బట్టలకు రంగేసుకున్నాను.

నా మొహం చూసి జాలిపడ్డారేమో, తతంగమంతా చెప్పారు. బతికుండగానే ఎవరి శ్రాద్ధం వాళ్లే పెట్టుకోవాలి. విరజాహోమం చెయ్యాలి. శిఖా, జంధ్యమూ తీసెయ్యాలి. ఇక నావల్ల ఏ ప్రాణికీ భయం లేదని మాటివ్వాలి. ఆ తర్వాతే గురువు చేతి మీదుగా కాషాయం, దండం, కమండలం, కొత్త పేరు. పోయాక దహనం కూడా ఉండదు, సమాధి చేస్తారు. తల్లిదండ్రులకు కర్మ చేసే అధికారం కూడా పోతుంది. అందుకే శంకరులు తల్లి ఆర్యాంబకు ఇచ్చిన మాట కోసం తిరిగొచ్చి సంస్కారం చేశారన్న కథను ఇన్ని వందల ఏళ్లుగా అంత ప్రత్యేకంగా చెప్పుకుంటున్నారు.

“మరి గురువును కూడా వదిలెయ్యాలా సార్?”

“అదొక్కటీ వదలరు. అన్నీ విడిచిన స్వాములే ఆషాఢ పౌర్ణమినాడు చాతుర్మాస్యం మొదలుపెడుతూ వ్యాసపూజ చేస్తారు. గురువు, ఆయన గురువు, ఆయన గురువు, అట్లా మొదటిదాకా.”

నాకు ఆ మాట అమృతంలా తోచింది. లెక్కల మనిషిని కదా, మనసులోనే పద్దు రాసుకున్నాను. లోను పోతుంది, సూపర్‌వైజరు పోతాడు, మా అత్తగారు పోతారు, సారు మిగులుతారు. ఇంతకంటే ఏం కావాలి?

“ఇంటి లోను ఎంతుంది?” అన్నారు సారు, నా పద్దు చదివినట్టే. చెప్పాను. “యాజ్ఞవల్క్యుడంతటివాడు మైత్రేయికీ కాత్యాయనికీ పంపకాలు చేసే ఇల్లు కదలాలనుకున్నాడు. పెళ్లాం బిడ్డలకు దారి చూపించకుండా సన్యాసం పుచ్చుకున్నవాడికి కౌటిల్యుడు జరిమానా రాసిపెట్టాడు. నువ్వు రెంటికీ దొరికిపోతావు.”

మరుసటి వారం మమ్మల్ని నల్లకుంట శంకరమఠానికి తీసుకెళ్లారు. దర్శనమయ్యాక అరుగు మీద కూర్చుని, శృంగేరి భారతీతీర్థ స్వామివారి సంగతి చెప్పారు. నరసరావుపేటలో వేదం చదువుకున్న పిల్లవాడు సీతారామాంజనేయులు. 1966లో, పదిహేనేళ్ల వయసులో, ఇల్లు విడిచి ఉజ్జయినిలో ఉన్న అభినవ విద్యాతీర్థుల దగ్గరికి పోయాడు. పోగానే కాషాయం ఇవ్వలేదు. చదువు, సేవ, మళ్లీ చదువు. సన్యాసం 1974 నవంబరులో. 1989లో గురువు సిద్ధి పొందాక పీఠం. 2015లో ఆయన కూడా తిరుపతి కుర్రవాడికి విధుశేఖర భారతి అని పేరుపెట్టి సన్యాసమిచ్చి ఉత్తరాధికారిని చేశారు. “తెలుగు పిల్లలే, మనవాళ్లే” అని సారు మురిసిపోయారు. నేను ఆ ఎనిమిదేళ్ల దగ్గరే ఆగిపోయాను. నేను ధోతీకి ఎనిమిది గంటలు కూడా ఇవ్వలేదు.

అయినా బుద్ధి రాలేదు. సిద్దయ్య కథ విన్నాక ఇంకొంచెం పోయింది.

పోతులూరి వీరబ్రహ్మంగారి కథ తెలుగువాళ్లకు చెప్పాల్సిన పనిలేదు. 1984లో ఎన్టీఆర్ బ్రహ్మంగారిగా, బాలకృష్ణ సిద్దయ్యగా వేసిన సినిమా మా ఇంట్లో అందరం టీవీలో చూసిందే. కానీ సారు చెప్పిన తీరు వేరు. కందిమల్లాయపల్లెలో జీవసమాధికి (సంప్రదాయం లెక్కన అది 1693, వైశాఖ శుద్ధ దశమి) సిద్ధమౌతూ బ్రహ్మంగారు సిద్దయ్యను దగ్గర కూర్చోబెట్టుకోలేదు. పూలు తెమ్మని బనగానపల్లెకు పంపారు. సిద్దయ్య పూలతో తిరిగొచ్చేసరికి సమాధి మూసేశారు. దూదేకుల ఇంట పుట్టి, కన్నవాళ్లనూ కులాన్నీ కాదని గురువును నమ్ముకున్నవాడు, చివరి చూపుకు నోచుకోలేదు. ఆ బండ మీద పడి ఏడిస్తే, గురువు పైకొచ్చి ఓదార్చి, దండం, కమండలం, పాదుకలు, ముద్రిక చేతికిచ్చి మళ్లీ లోపలికి పోయారంటారు. ఆ బ్రహ్మంగారేమో గోవిందమ్మతో కాపురం చేసినవారు. ఆ మఠాధిపతులు ఈనాటికీ సంసారులే. సారు ఈ కథంతా పూల గురించి చెప్పారు. నాకు పాదుకలే వినబడ్డాయి.

ఆ తర్వాత వేసవిలో సారు పోయారు.

పదమూడో రోజు భోజనాలకు వెళ్లాం. గేటు దగ్గర చెప్పుల కుప్ప. మెట్ల కింద, ఆ కుప్పకు ఎడంగా, అరిగిన తోలుచెప్పుల జత ఒకటి కనిపించింది. మడమ దగ్గర నల్లగా నిగనిగలాడుతోంది. నాకు గుండె జల్లుమంది. ఇంకెవరివై ఉంటాయి? నాకోసమే వదిలారు. అటూ ఇటూ చూసి, చేతిసంచిలో పెట్టుకుని బయటపడ్డాను. స్కూటరు మీద ఏడుస్తూ వచ్చాను. ఆ ఏడుపు మాత్రం నిజమే.

దేవుడి గదిలో పీట వేసి పెట్టాను. రోజూ గంధం, కుంకుమ, పువ్వు. గురువారం కొబ్బరికాయ. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. “సారు నా అంత ఎత్తు ఉండేవారు. ఇవి తొమ్మిదో నంబరు కదండీ?” అంది. మహాత్ముల పాదాలు మనం కొలవకూడదన్నాను.

మాసికానికి వెళ్లినప్పుడు అమ్మగారు కాఫీ ఇస్తూ తన బాధ చెప్పుకున్నారు. పదమూడో రోజున మెట్ల కింద పెట్టిన అల్లుడుగారి చెప్పులు ఎవరో ఎత్తుకెళ్లారట. పాపం, ఆ ఎండలో ఉప్పల్ దాకా వట్టి కాళ్లతో పోయి హన్మకొండ బస్సెక్కాడట. “శుభకార్యం కూడా కాదు, చావింట్లో చెప్పులు దొంగిలించినవాడు ఏం బాగుపడతాడు నాయనా?” కాఫీ మింగుడు పడలేదు. అక్కడికక్కడే ఒప్పుకున్నాను. అమ్మగారు కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. భర్త పోయాక ఆమె నవ్వడం అదే మొదటిసారి అని తర్వాత వాళ్లమ్మాయి అంది. “మీ సారు చెప్పులు అవతల పెరట్లో ఉన్నాయి, రబ్బరువి” అన్నారు. ఇస్తానని ఆమె అనలేదు, అడగడానికి నాకు మొహం లేదు. బయల్దేరుతుంటే, “అన్నట్టు ఆ పెద్దావిడ సర్టిఫికెట్ టైమొచ్చింది, మీ సారుంటే నీకే చెప్పేవారు” అన్నారు. వెళ్లాను. వేలిముద్ర పడక ఆ రోజంతా పట్టింది.

అల్లుడుగారికి ఫోను చేసి క్షమాపణ చెప్పాను. చెప్పులు పంపుతానంటే వద్దన్నాడు. “గంధం పెట్టి పూజ చేసినవాటిని కాళ్లకెట్లా వేసుకుంటానండీ? మీ దగ్గరే ఉంచుకోండి” అన్నాడు. మా ఆవిడేమో ఎవరి అల్లుడివో దేవుడి గదిలో ఉండడానికి వీల్లేదంది. పారేద్దామంటే నాకు చెయ్యాడదు. సజ్జ మీదికెక్కించాను. హన్మకొండకు కొత్త జత కొరియర్ చేశాను. ఆ కంపెనీ తొమ్మిది బిగుతుగా ఉందట, పది కావాలట. మార్చాలంటే రసీదు ఉండాలి. స్టోర్సులో ఇన్నేళ్లు పనిచేసినవాణ్ణి, ఆ రసీదు ఎక్కడ పెట్టానో ఇంకా వెతుకుతున్నాను.