జిరాక్స్ బాబాయ్

ఆయన మా నాన్నకు తమ్ముడు కాదు, మాకు చుట్టమూ కాదు. వీధి మొత్తానికి బాబాయ్. మండలాఫీసులో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యారు. రిటైరైంది ఆయనే గానీ, చంకలోని నీలం జిప్పు సంచి ఇంకా సర్వీసులోనే ఉంది. రబ్బరుబ్యాండు వేసిన పాస్‌పోర్టు ఫొటోలు (వీధిలో సగం మందివి), గమ్ము సీసా, గుండుసూదుల డబ్బీ, మూడు బాల్‌పెన్నులు, ఓ స్టాంపు ప్యాడు అందులో ఎప్పుడూ ఉంటాయి. ప్యాడెందుకు బాబాయ్ అంటే, "వేలిముద్ర అడిగితే?" అంటారు. రేషను కార్డయినా ఇంటి పన్నయినా ఆయన లేనిదే మా వీధిలో కాగితం కదలదు. ఉంటే కాస్త మెల్లగా కదులుతుంది.

మేడ మీద సోలార్ పెట్టిద్దామనుకుంటున్నానని ఆయన ముందు నోరు జారాను. మేడ ఎంత, ఎండ ఏ పక్క పడుతుంది, ఇవేవీ అడగలేదు.

"కరెంటు బిల్లు తే."

కళ్లజోడు నుదుటి మీదికి తోసి, బిల్లును ముక్కుకు ఆనించుకుని చదివారు.

"మీటరు మీ నాన్న పేరున ఉందిరా."

"నాన్న పోయి తొమ్మిదేళ్లయింది కదా బాబాయ్."

"కరెంటాఫీసుకు చెప్పావా?"

చెప్పలేదు. వాళ్ల లెక్కలో ఈ తొమ్మిదేళ్లూ నాన్న నెలనెలా ఠంచనుగా బిల్లు కడుతూనే ఉన్నారు.

2024 ఫిబ్రవరిలో వచ్చిన సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడోదానికి 18,000, వెరసి 78,000 రూపాయల సబ్సిడీ. మూడు దాటి ఎన్ని పెట్టించుకున్నా అంతే. నేను ఈ లెక్కలో ఉంటే మా ఆవిడ ఇంకో లెక్కలో ఉంది: మూడు కిలోవాట్లకు దాదాపు మూడు వందల చదరపు అడుగులు పోతే వడియాలెక్కడ పెట్టాలి? బాబాయ్‌కి ఈ రెండూ పట్టవు. బిల్లు మీద పేరు, దరఖాస్తులో పేరు, బ్యాంకు ఖాతాలో పేరు అచ్చు గుద్దినట్టు ఉన్నాయా లేదా, అంతే. నా ఆధార్‌లో 'రావు' ఓతో ముగుస్తుంది, బ్యాంకులో యూతో. అది చూసి బాబాయ్ మొహం వెలిగిపోయింది. ఎండను చూసి సోలార్ పలకైనా అంత వెలగదు.

ముందు మీటరు పేరు మారాలి. నాన్న మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, అక్కచెల్లెళ్లకు అభ్యంతరం లేదని స్టాంపు పేపరు మీద సంతకాలు. చెల్లెలు నవ్వేసి పెట్టింది. కాకినాడలో అక్కయ్య మాత్రం, "ఇవాళ మీటరంటావు, రేపు ఇల్లంటావు" అని ఫోను పెట్టేసింది. బాబాయే బస్సెక్కి వెళ్లారు. అక్కడ ఏం చెప్పారో తెలియదు. సాయంత్రానికి సంతకంతో, అక్కయ్య ఇచ్చిన కాజా పొట్లంతో దిగారు. ఆయన మీద నేనెన్ని జోకులేసినా ఆ పని మాత్రం నావల్ల అయ్యేది కాదు.

పేర్లన్నీ కుదిరాక పోర్టల్లో సర్వీసు నంబరు కొట్టి, ఓటీపీ కొట్టి, బటను నొక్కాం. పది కిలోవాట్ల లోపయితే సాంకేతిక పరిశీలన అక్కర్లేదని 2024లోనే రూలు మార్చారు. ఆమోదం చటుక్కున వచ్చేసింది. బాబాయ్ మొహం చూడాలి!

"ట్రాన్స్‌ఫార్మరు చూడకుండానా? ఏఈ గారి సంతకం లేకుండానా? ఇందులో ఏదో ఉందిరా."

మూడు రోజులు ఆయనకు అన్నం సయించలేదు. నాలుగోరోజు ఆ ఆమోదాన్ని ప్రింటు తీయించి, రెండు జిరాక్సులు కొట్టించి కరెంటాఫీసుకు పట్టుకెళ్లారు. ఆన్‌లైన్ కాగితానికి ముద్ర ఉండదండీ అన్నారట అక్కడ. ఎలా వేయించారో గానీ, గుండ్రటి ముద్ర వేయించుకునే వచ్చారు.

పలకలు బిగించిన రోజు అందరం ఇన్వర్టరు చుట్టూ మూగితే, ఆయన భూతద్దంతో మేడ మీద బోర్లా పడుకున్నారు. సబ్సిడీ రావాలంటే సెల్లు, పలక రెండూ దేశవాళీవే అయ్యుండాలి మరి. ఆరు పలకల సీరియల్ నంబర్లూ పాత డైరీలో ఎక్కించి, కంపెనీ ఇచ్చిన సర్టిఫికెట్‌తో అంకె అంకె సరిచూశారు. నాలుగో పలకలో ఎనిమిదిని మూడుగా చదువుకుని ఓ అరగంట మా అందరి ప్రాణాలూ తోడేశారు. నెట్ మీటరు పెట్టిన లైన్‌మన్ చేత కూడా డైరీలో సంతకం పెట్టించారు. అతనూ బుద్ధిగా పెట్టాడు.

డబ్బు ఖాతాలో పడింది. ఫైలు మాత్రం ఇంకా బాబాయ్ దగ్గరే ఉంది, ఆడిట్ వస్తుందట.

మీరూ సోలార్ వాణ్ని మేడెక్కించే ముందు కరెంటు బిల్లు తీసి ఎవరి పేరుందో ఓసారి చూసుకోండి. కాలం చేసిన వారి పేరుంటే బాబాయ్‌కి కబురు పెట్టండి. రెండు పాస్‌పోర్టు ఫొటోలు సిద్ధంగా ఉంచుకోండి.