ఒక్క మార్కు చక్రవర్తి

హైదరాబాద్‌లో చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ నుంచి అశోక్‌నగర్ దాకా నడిస్తే జిరాక్సు షాపు, మెస్సు, స్టడీ హాలు, మళ్లీ జిరాక్సు షాపు. ఆ షాపుల్లో పోటీ పరీక్షలకు కావాల్సిన ప్రపంచ చరిత్ర స్పైరల్ బైండింగులో దొరుకుతుంది. రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్‌కు అందులో దక్కే జాగా ఒకటిన్నర లైను. క్రీ.శ. 313, మిలాన్ శాసనం, క్రైస్తవాన్ని రాజమతం చేశాడు. దాని మీద పసుపు హైలైటర్ గీత. కిందనే ఇంకో బిట్టు: క్రైస్తవానికి అశోకుడు ఎవరు? జవాబు మళ్లీ ఆయనే. ఒక్కణ్ని బట్టీ పడితే రెండు మార్కులు. ముప్ఫై ఏళ్లు ఏలిన మనిషి ఇంతకన్నా ఏం గిట్టుబాటవుతాడు!

వచ్చిన చిక్కల్లా ఏమిటంటే ఆ ఒకటిన్నర లైనులో నికరంగా నిలబడేది ఏడాది ఒక్కటే. 313లో కాన్‌స్టంటైన్, తోటి చక్రవర్తి లిసీనియస్ మిలాన్‌లో కలిసి ఒప్పుకున్నది ఇంతే: క్రైస్తవులతో సహా ఎవరికి నచ్చిన దేవుణ్ని వాళ్లు కొలుచుకోవచ్చు, క్రైస్తవుల దగ్గర లాక్కున్న ఆస్తులు తిరిగివ్వాలి. ప్రార్థన చేసుకోనివ్వడమన్నది అంతకు రెండేళ్ల ముందే, 311లో, చక్రవర్తి గలేరియస్ ప్రకటించేశాడు. క్రైస్తవుల్ని వేధించినవాళ్లలో ముందువరసలోవాడు ఆ గలేరియస్. మంచాన పడి, చావు ముంచుకొస్తుంటే అనుమతి ఇచ్చాడు. పాపం, మెటీరియల్‌లో ఆయనకు అర లైను కూడా లేదు. రాజమతం చేసింది 380లో చక్రవర్తి థియోడోసియస్. అప్పటికి కాన్‌స్టంటైన్ పోయి 43 ఏళ్లు. చనిపోయినవాడి చేత జీవో ఇప్పించడం మన సచివాలయానికే చేతకాలేదు, అశోక్‌నగర్ మెటీరియల్ చేసి చూపించింది.

జిరాక్సు షాపులవాళ్లనే అని ఏం లాభం? కాన్‌స్టంటైన్ పేరు మీద దొంగ కాగితం పుట్టించడం చర్చి పెద్దలే నేర్పిన విద్య. ఆయన రోమ్ పోపుకు పడమటి సామ్రాజ్యమంతా రాసిచ్చాడంటూ ఎనిమిదో శతాబ్దంలో ఒక దానపత్రం పుట్టింది. అప్పటికింకా కట్టని కాన్‌స్టాంటినోపుల్ నగరం పేరు కూడా అందులో ఉంది. 1440లో లోరెంజో వల్లా అనే పండితుడు దాని గుట్టు విప్పేదాకా పోపులు ఆ పత్రం చూపించి రాజుల మీద దబాయించారు. మన తహశీల్దారు ఆఫీసుల్లో డబుల్ రిజిస్ట్రేషన్లు చూసినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు.

ఇక అశోకుడి పోలిక. అశోక్‌నగర్‌లో అద్దెకుంటూ అశోకుణ్ని ఇంత చులకన చేయడం బాగాలేదు. కళింగలో పోయిన ప్రాణాలకు తాను కుమిలిపోతున్నానని అశోకుడు బండల మీద చెక్కించాడు. అలాంటి బండల్లో ఒకటి మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనే ఉంది. కాన్‌స్టంటైన్ సంగతి చూడండి. 312 అక్టోబరు 28న మిల్వియన్ వంతెన దగ్గర ప్రత్యర్థి మాక్సెంటియస్‌ను ఓడించి, వాడి తలను రోమ్ వీధుల్లో ఊరేగించాడు. ప్రాణం తీయనని మాటిచ్చి మరీ చెల్లెలి మొగుడు లిసీనియస్‌ను చంపించాడు. 326లో కన్నకొడుకు క్రిస్పస్‌ను, ఆ వెనకే భార్య ఫౌస్టాను. ఆ వంతెన దగ్గర తనను శిలువ గుర్తే గెలిపించిందన్న తర్వాత కూడా ఏళ్ల తరబడి ఆయన నాణేల మీద సూర్యదేవుడే వెలిగాడు. బాప్తిస్మం తీసుకున్నది 337లో, చావుమంచం మీద. యుద్ధం చేసి దుఃఖపడిన రాజుకూ, యుద్ధం గెలిచి దేవుడికి క్రెడిట్ ఇచ్చిన రాజుకూ ఒకే గడిలో టిక్కు పెట్టమంటున్నారు మన బిట్లవాళ్లు.

వాట్సాప్ పండితులది ఇంకో పీఠం. 325లో నైసియాలో ఈయనగారు బిషప్పులను కూర్చోబెట్టి బైబిల్ పుస్తకాలు ఏరించాడట, ఓటింగు పెట్టి ఏసును దేవుణ్ని చేశాడట, ఆదివారాన్ని కనిపెట్టాడట. నైసియా సభ చేసిన 20 తీర్మానాల్లో బైబిల్ పుస్తకాల పట్టికే లేదు. కొత్త నిబంధన 27 పుస్తకాల జాబితా బిషప్ అథనేసియస్ 367లో రాసిన లేఖలో కనిపిస్తుంది. ఏసు దైవత్వం మీద వాదం జరిగింది నిజమే. తండ్రితో కుమారుడు సరిసమానమా, తండ్రి సృష్టించినవాడా అని ఏరియస్ అనే మతగురువు లేవదీసిన తగువు అది. ఆదివారం కూడి ప్రార్థన చేసుకోవడం గురించి క్రైస్తవ రచయిత జస్టిన్ రెండో శతాబ్దంలోనే రాసిపెట్టాడు. కాన్‌స్టంటైన్ 321లో చేసిందల్లా ఆ రోజు కోర్టులకూ పట్నవాసులకూ సెలవివ్వడం. రైతులకు మాత్రం ఆ సెలవు వర్తించదు, పొలం పనులు చేసుకోవచ్చు. ఆదివారం పూట గ్రాండ్ టెస్టు రాస్తున్న రైతుబిడ్డల్ని చూస్తే ఆ చట్టం అశోక్‌నగర్‌లో ఇంకా అమల్లో ఉందేమో అనిపిస్తుంది.

ఈ వాట్సాప్ జ్ఞానంలో సగానికి సగం 2003లో వచ్చిన డాన్ బ్రౌన్ నవల 'ద డావిన్సీ కోడ్' చలవే. 2006లో అది సినిమాగా వస్తే సెన్సారు పాసైన బొమ్మను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లకు ఆ మాత్రం పుణ్యం కూడా దక్కకుండా చేసింది. హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. నవల జోలికి మాత్రం ఆ ప్రభుత్వం పోలేదు. చదివేవాళ్లను చూసి భయపడిన ప్రభుత్వం మనకింతవరకూ తగల్లేదు.

నైసియాలో అసలు చూడాల్సింది తీర్మానాలు కావు, విందు. బిషప్పులను ప్రభుత్వ బండ్ల మీద, ప్రభుత్వ ఖర్చుతో రప్పించారు. మన లెక్కలో టీఏ, డీఏ అన్నమాట. సభ ముగిశాక, తన ఏలుబడి ఇరవయ్యో ఏడాది వేడుకకని చక్రవర్తి వాళ్లను భోజనానికి పిలిచాడు. ఆ బిషప్పుల్లో అంతకు ముందటి వేధింపుల్లో కన్ను పోయినవాళ్లు, ఒళ్లు కాలినవాళ్లు ఉన్నారు. కత్తులు దూసి రెండు వరసల్లో నిలబడ్డ సైనికుల మధ్యగా వాళ్లు లోపలికి నడిచారు. కొందరికి చక్రవర్తి పక్కనే చోటు దొరికింది. ఇది విందా, క్రీస్తు రాజ్యమే దిగివచ్చిందా అన్నట్టు మురిసిపోయి రాశాడు బిషప్ యుసేబియస్. ఆ కత్తులు నిన్నటిదాకా ఎవరి మీద లేచేవో ఆయనకు గుర్తులేకపోలేదు. అన్నం అంత రుచిగా ఉంది.

తినిపించినవాడు ఊరుకుంటాడా? ఏరియస్‌ను వెళ్లగొట్టాడు, అతని రాతలను తగలబెట్టమన్నాడు. కొన్నేళ్లకు మనసు మారి అతణ్నే వెనక్కి పిలిపించాడు. ఏరియస్‌ను ఎదిరించిన అథనేసియస్‌ను 335లో ప్రవాసానికి పంపాడు. చివరికి చక్రవర్తికి బాప్తిస్మం ఇచ్చింది కూడా ఒకప్పుడు ఏరియస్ పక్షం వహించినందుకు తాను వెళ్లగొట్టిన బిషప్పే. మతగురువులకు ఊరి బాధ్యతల నుంచి మినహాయింపు ఇచ్చేసరికి ఆస్తిపరులంతా ఉన్నట్టుండి దైవసేవకు తయారయ్యారు. వాళ్లను ఆపడానికి మళ్లీ ఇంకో చట్టం. సిద్ధాంతం ఏదైనా సంతకం ప్రభువుదే. కాన్‌స్టంటైన్ చరిత్రకు వదిలిపోయిన ఆస్తి అది.

ఆ ఆస్తికి మన హైదరాబాద్‌లోనే వారసులున్నారు. తెలంగాణ వచ్చాక డిసెంబరులో ఎల్బీ స్టేడియంలో సర్కారువారి క్రిస్మస్ విందు ఆనవాయితీ అయింది. ముఖ్యమంత్రి కేకు కోస్తారు, పాస్టర్లు దీవిస్తారు, ఫొటోలు వస్తాయి. రంజాన్‌కు ఇఫ్తార్ కూడా అదే పద్ధతి. పార్టీ మారింది గానీ మెనూ మారలేదు. రాజ్యం వేరు, చర్చి వేరు అన్నది క్రైస్తవుల్లోనే ఒక శాఖ అయిన బాప్టిస్టులకు పుట్టుకతో వచ్చిన సిద్ధాంతం. ఆ సిద్ధాంతానికి స్టేడియం గేటు దగ్గర పాసు ఇచ్చినట్టు లేరు.

చక్రవర్తి లేకపోతే ఈ మతమే లేదు అని వాదించేవాళ్లు ఒంగోలు దాకా వెళ్లి రావాలి. 1878 జులై 3న, గుండ్లకమ్మ ఏటిలో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. కరువు పనులు నడుస్తున్నంత కాలం, కూలికి ఆశపడి వచ్చారంటారని బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. వాళ్లను ఆ దారికి తెచ్చినవాళ్లలో ముందు చెప్పాల్సింది యెర్రగుంట్ల పేరయ్య, తోలుపని చేసుకునే మనిషి. రాజూ లేడు, విందూ లేదు. బట్టీ పట్టేవాళ్లకు పేరయ్య మీద బిట్టు మాత్రం దొరకదు.

రాజ్యం మాత్రం ఆ మాదిగ క్రైస్తవులను తర్వాత తీరిగ్గా పట్టించుకుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు లెక్కన హిందువులు కానివాళ్లు ఎస్సీలు కారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తీశారు, క్రైస్తవులకు తీయలేదు. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్లూ, వాళ్ల పిల్లలూ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బీసీ-సీ. వాళ్ల కోటా ఒక్క శాతం. ఈసారి స్టేడియంలో కేకు కోస్తున్నప్పుడు వేదిక మీదున్న పాస్టర్లలో ఒక్కరైనా ఆ ఒక్క శాతం మాట ఎత్తుతారేమో, పాసున్నవాళ్లు కాస్త చెవి పెట్టి వినండి.