ఒళ్లో నిప్పు: ఒక కాంగ్రీ ఆత్మకథ

నేను కాంగ్రీని. కశ్మీర్ లోయ నా పుట్టిల్లు. కుమ్మరి చేసిన చిన్న మట్టి పిడత నా కడుపు, దాని చుట్టూ సన్నని కొమ్మలతో అల్లిన బుట్ట నా ఒళ్లు. నా అల్లికకు చరారె షరీఫ్, బండిపొరా పేరుపడ్డ ఊళ్లు. డిసెంబర్ 21న మొదలై 40 రోజులు సాగే చిల్లై కలాన్‌లో, నీళ్లు గడ్డకట్టే చలిలో, నేను లేని ఇల్లు అరుదు. నా అడుగున బొగ్గు పోసి, మీద నాలుగు నిప్పు కణికలు వేసి, బూడిద కప్పుతారు. నివురు మాటున నిప్పు గంటల తరబడి ఆరదు. వేడి తగ్గిందనిపిస్తే, నా పక్కన వేలాడే చిన్న గరిటెతో కదిలిస్తే చాలు, మళ్లీ రాజుకుంటుంది. తెలుగునాట కుంపటిని ఎదురుగా పెట్టుకుని చేతులు చాచి కాచుకుంటారు. నన్ను మాత్రం ఫెరన్ అనే వదులు అంగీ లోపల, తొడల మధ్యనో పొత్తికడుపుకు ఆనించో పెట్టుకుంటారు. నేను చేసే మేలుకీ కీడుకీ మూలం ఈ దగ్గరితనమే.

వైద్య గ్రంథాల్లో నా పేరు మీద ఒక జబ్బే ఉంది: కాంగ్రీ క్యాన్సర్. కశ్మీర్‌లో పనిచేసిన మిషనరీ వైద్యుడు ఎల్మ్‌స్లీ 1866లోనే దీని గురించి రాశాడు. శ్రీనగర్ మిషన్ ఆసుపత్రి శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ నీవ్ 1923లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో దీన్ని వివరించాడు. ఇది చర్మం పైపొరలో పుట్టే స్క్వామస్ సెల్ క్యాన్సర్. వచ్చే చోటు పొత్తికడుపు, తొడల లోపలి వైపు. అంటే ఏడాది పొడుగునా ఎండ సోకని చోటు, నేను మాత్రం ప్రతి చలికాలం సోకే చోటు. నా మీద మోపిన నేరానికి ఇంతకన్నా బలమైన సాక్ష్యం అక్కర్లేదు. దాన్ని నేను కాదనను. అయితే ఆ సాక్ష్యం నా ఒక్కదాని గురించే చెప్పడం లేదు. చర్మ క్యాన్సర్‌కు కారణం వెతికేటప్పుడు ఆకాశంలోని సూర్యుణ్ణి చూసి ఊరుకోకూడదు, ఏళ్ల తరబడి ఒకే చోట ఒంటిని బాధిస్తున్నదేమిటో కూడా చూడాలి. నా బతుకు చెప్పే మాట ఇదే.

చర్మం కాలకపోవడమే ఇందులోని మోసం. బొబ్బలెక్కేంత వేడి తగిలితే మనిషి చటుక్కున వెనక్కి తగ్గుతాడు. నాది హాయిగా ఉండే వేడి, అందుకే గంటలకొద్దీ భరిస్తాడు. కొన్నాళ్లకు ఆ చోట ఎర్రని గీతలు వలలా తేలతాయి, క్రమంగా అవి గోధుమరంగుకు తిరుగుతాయి. నొప్పి ఉండదు, మహా అయితే కొంచెం దురద. ఈ దశలోనే వేడిని దూరం పెడితే మచ్చ చాలావరకు తగ్గిపోతుంది. పెట్టకపోతే శాశ్వతంగా నిలిచిపోతుంది. లోపల కణాలు పదేపదే దెబ్బతింటూ, మరమ్మతు చేసుకుంటూ, ఆ మరమ్మతులో తప్పులు పోగేసుకుంటాయి. దశాబ్దాల తర్వాత, ఎక్కువగా యాభై దాటాక, ఆ మచ్చ మీద పొలుసు గట్టిపడుతుంది, పులిపిరిలాంటి కండ పెరుగుతుంది, లేదా పుండు పడి మానదు. అశ్రద్ధ చేస్తే గజ్జల్లోని గ్రంథులకు పాకుతుంది.

దీనికి ఎదురు చెప్పేవాళ్లున్నారు. చర్మ క్యాన్సర్ ఎండ వల్ల తెల్లతోలు వాళ్లకు వచ్చే జబ్బు కదా అనేది మొదటి మాట. అందులో సగం నిజముంది. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు క్యాన్సర్ కారకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. ఆ కిరణాల నుంచి చర్మానికి రంగునిచ్చే మెలనిన్ చాలావరకు కాపాడుతుంది కూడా. కానీ మెలనిన్ నిప్పు వేడికి అడ్డుగోడ కాదు, పాత కాలిన మచ్చకూ ఏళ్లుగా మానని పుండుకూ మందు కాదు. నల్లని చర్మం వాళ్లలో ఈ జబ్బు తరచు ఇలాంటి చోట్లనే పుడుతుంది. మెలనోమా అనే మరో రకం చర్మ క్యాన్సర్ అయితే ఎక్కువగా అరికాలిలోనో గోటి కిందనో వస్తుంది. మాకు రాదన్న ధీమాతో ఆ చోట్లను ఎవరూ చూసుకోరు, జబ్బు ముదిరాకే బయటపడుతుంది.

తప్పు వేడిది కాదు, బొగ్గు పొగది అనేవాళ్లూ ఉన్నారు. మసికి చర్మ క్యాన్సర్ తెప్పించే గుణం ఉందన్నది నిజమే. లండన్‌లో పొగగొట్టాలు శుభ్రం చేసేవాళ్లకు వచ్చిన క్యాన్సర్‌కు మసే కారణమని శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ 1775లోనే చెప్పాడు. నా విషయంలోనూ పొగకు కొంత వాటా ఉండొచ్చు. అయితే చైనాలో కింద నిప్పు వేసి వెచ్చజేసే ఇటుక మంచం కాంగ్ మీద పడుకునేవాళ్లలోనూ, జపాన్‌లో ఒంటికి కట్టుకునే కైరో అనే వేడి సాధనం వాడినవాళ్లలోనూ ఇదే తరహా క్యాన్సర్ కనిపించింది. దేశం వేరు, పనిముట్టు వేరు, పొగ ఒంటిని తాకే తీరు వేరు. అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది ఒకే చోట ఏళ్లపాటు తగిలే వేడి. ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట కాలే కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే స్త్రీలలో అంగిలి క్యాన్సర్ ఎక్కువని వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. అక్కడ పొగాకు విషం కూడా కలుస్తుంది కాబట్టి నేరమంతా వేడిదే అనను. కానీ నిప్పు సెగ నేరుగా తగిలే అంగిలికే జబ్బు రావడాన్ని కొట్టిపారేయలేం.

లోయలో లక్షలమంది నన్ను వాడుతుంటే అందరికీ రావడం లేదు కదా అనేది ఇంకో మాట. అందరికీ రాదు. వాన పడ్డ ప్రతిసారీ పాత గోడ కూలదు, అలాగని నానడం ఆగదు. ఎన్ని చలికాలాలు, రోజుకు ఎన్ని గంటలు, ఎంత దగ్గరగా అన్నదాన్ని బట్టి ముప్పు పెరుగుతుంది. ఈ మూడింటిలో మొదటి రెండూ చాలావరకు చలి చేతిలో ఉన్నాయి. మూడోది మనిషి చేతిలో ఉంది.

అందుకే నన్ను పారేయమని నేను చెప్పను. కరెంటు పోయే రాత్రుల్లో పేదవాడికి నాకన్నా చవకైన వెచ్చదనం లేదు, నా మీద బతికే కుమ్మరులూ బుట్టలల్లేవాళ్లూ ఉన్నారు. నన్ను ఒంటికి ఆనించకండి. కాసేపు కాచుకుని పక్కన పెట్టండి. వేడినీళ్ల బ్యాగుకూ, కాళ్ల దగ్గర పెట్టుకునే హీటర్‌కూ, ఒళ్లో పెట్టుకుని పనిచేసే ల్యాప్‌టాప్‌కూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. వాటివల్ల కూడా ఆ వలలాంటి మచ్చలు వస్తాయి. పాత మచ్చ మీద పొలుసు మందమైనా, రక్తం కారినా, కొన్ని వారాలు గడిచినా పుండు మానకపోయినా, పసరు మందులతో కాలం గడపకుండా చర్మ వైద్యుడికి చూపించి ముక్క పరీక్ష చేయించుకోండి. గ్రంథులకు పాకకముందే కోసి తీసేస్తే ఈ క్యాన్సర్ చాలామందిలో పూర్తిగా నయమవుతుంది.