నాగోల్ వీసా హక్కు కాదు

వీసా అన్నది హక్కు కాదట, ప్రివిలేజట. అమెరికా విదేశాంగ శాఖ 2025 జూన్ 18న చెప్పిన ఈ మాట మీరూ చదివే ఉంటారు. మే 27 నుంచి మూడు వారాల పాటు విద్యార్థుల ఇంటర్వ్యూ స్లాట్లకు షట్టర్ దించేసి, మళ్ళీ సగం ఎత్తుతూ చెప్పిన మాట ఇది. చదువు వీసాల మీద, ఎక్స్‌చేంజ్ వీసాల మీద వచ్చేవాళ్ళు తమ సోషల్ మీడియా ఖాతాలన్నీ అందరికీ కనబడేలా తెరిచి ఉంచాలని కూడా అదే నోట చెప్పారు. ఆ తర్వాతి వారం ఢిల్లీలోని అమెరికా ఎంబసీ దానికి తోకొకటి తగిలించింది. గత ఐదేళ్ళలో వాడిన ప్రతి ఖాతా పేరూ దరఖాస్తులో రాయాలట.

ఆ సాయంత్రమే హైదరాబాద్‌లో మా నాగోల్ కాలనీ సంక్షేమ సంఘం అత్యవసరంగా సమావేశమైంది. నల్లా నీళ్ళు రాకపోతేనో, వినాయకుడి చందా లెక్క తేలకపోతేనో తప్ప మా సంఘం కూర్చోదు. ఈసారి కూర్చుంది, చాయ్ రెండో విడత రాకముందే ఏకగ్రీవంగా తీర్మానించింది. వచ్చే వేసవి నుంచి నాగోల్ కూడా వీసాలిస్తుంది. అమెరికా కాలేజీ పిల్లలు ఇక్కడికొచ్చి నాలుగు నెలలు పనిచేసుకుని, ఆపైన ఓ నెల ఊరు చూసి వెళ్ళొచ్చు.

ఐడియా మాది కాదు, వాళ్ళదే. జె-1 వీసాల్లో ‘సమ్మర్ వర్క్ ట్రావెల్’ అని ఒకటుంది. బయటి దేశాల విద్యార్థులు తమ సెలవుల్లో వెళ్ళి, నాలుగు నెలలకు మించకుండా హోటళ్ళలో, ఈతకొలనుల దగ్గర, వినోదపు పార్కుల్లో పనిచేసి, 30 రోజులు దేశం తిరిగి రావచ్చు. దీన్ని సాంస్కృతిక మార్పిడి అంటారు. 2011 ఆగస్టులో పెన్సిల్వేనియాలోని పామైరాలో హెర్షీ చాక్లెట్ల ప్యాకింగ్ గోదాములో ఈ మార్పిడి ఘనంగా జరిగింది. చాక్లెట్ల దేశం చూద్దామని వేల డాలర్లు కట్టి వచ్చిన పిల్లలు బరువు పెట్టెలు మోసి మోసి, జీతంలో అద్దె కోతలు పోగా మిగిలింది చూసుకుని, వందల్లో బయటికొచ్చి నినాదాలు చేశారు. మన పిల్లలు ఈ వీసా మీద పెద్దగా పోరు. వాళ్ళది చదువు వీసా, ఎఫ్-1. వాళ్ళ వేసవి సంగతికి తర్వాత వస్తాను.

వీసా ఆఫీసర్‌గా మా కార్యదర్శినే ఎన్నుకున్నాం. ట్రెజరీలో పనిచేసి రిటైరైన మనిషి. ముప్పయ్యేళ్ళు బిల్లుల మీద కొర్రీలు రాసిన చెయ్యి. ‘లేదు’ అనడంలో ఆయనకు ట్రైనింగ్ అక్కర్లేదు. కాన్సులేట్ మెట్రో పిల్లర్ కింద. ఓ ఇనప టేబుల్, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఫీజు వాళ్ళదే పెట్టాం, 185 డాలర్లు. వీసా రాకపోయినా ఫీజు తిరిగి రాదు. బండి పార్కింగ్ అదనం.

ట్రయల్ వేద్దామంటే నాగోల్‌లో ఆ పూటకి అమెరికా కుర్రాడు దొరకలేదు. మా పై పోర్షన్‌లో ఉండే అబ్బాయిని ఒహాయో నుంచి వచ్చినట్టు కూర్చోబెట్టాం. వాడికిది కొత్త కాదు. అడ్మిషన్ చేతిలో పెట్టుకుని నెలరోజులుగా స్లాట్ కోసం ఫోన్ గీకుతున్నాడు. దిల్‌సుఖ్‌నగర్ కన్సల్టెన్సీలో ఇలాంటి ఉత్తుత్తి ఇంటర్వ్యూలు బోలెడు చేశాడు.

“ఏం బాబూ, గిన్ని ఊర్లుండంగ నాగోలే ఎందుకు? అమీర్‌పేట లేదా, కూకట్‌పల్లి లేదా?”

“నాగోల్ కరికులమ్ నా కెరీర్ గోల్స్‌కి కరెక్ట్‌గా సూటవుతుంది సార్.”

“మీ నాయన ఏం జేస్తడు?”

“వ్యవసాయం సార్. మూడొందల ఎకరాల మొక్కజొన్న.”

“మూడొందల ఎకరాలున్నోడివి ఈడ టిఫిన్ సెంటర్ల గ్లాసులు కడగనీకొస్తవా? నమ్మాల్నా? సరే, తిరిగి పోతవని గ్యారంటీ ఏంది?”

అబ్బాయి నీళ్ళు నమిలాడు. అందరూ అక్కడే నములుతారు. అమెరికా వలస చట్టంలో 214(బి) అనే సెక్షనుంది. వచ్చినవాడు తిరిగి పోడనే ముందు అనుకోవాలి, పోతానని రుజువు చేసుకోవాల్సింది వాడే. నాగోల్ సెక్షనూ అదే. సాయంత్రం పూట మూసీ మీద నుంచి వీచే గాలి ఒక్కసారి పీల్చినవాడు దాన్ని జన్మలో మర్చిపోగలడా? ఎలా వదిలిపెట్టి పోతాడు? రెండు నిమిషాల్లో పని అయిపోయింది. కార్యదర్శి ఓ పచ్చ చీటీ చేతిలో పెట్టి, “ఆల్ ది బెస్ట్, మళ్ళ అప్లై చేస్కో” అన్నాడు. మళ్ళీ అంటే మళ్ళీ 185.

రెండో రౌండుకి సోషల్ మీడియా తెరిచాం. నిజానికి నాగోల్‌కి ఈ నిబంధన అక్కర్లేదు. ఇక్కడ ఎవరింట్లో ఏ కూర వండారో, ఎవరమ్మాయి ఏ బండి వెనక కూర్చుందో చెప్పడానికి ప్రతి వీధికీ ఓ ఆంటీ ఉంది. మా సెట్టింగ్స్ పుట్టుకతోనే పబ్లిక్. అయినా రూలు రూలే. ఒహాయో వాడి పేరుతో ఊహించిన ఖాతాలో 2021లో ఓ పసుపు టీషర్టు ఫొటో దొరికింది. ఉప్పల్ స్టేడియానికి కూతవేటు దూరంలో ఉంటూ పసుపు చొక్కాని తేలిగ్గా తీసుకోలేం. చెన్నై మనిషి అనే రాసుకున్నాం. తర్వాతేడాది ఓ కప్పు ఫొటో పెట్టి కింద ‘చాయ్ టీ’ అని రాశాడట. చాయ్ అంటేనే టీ. టీని రెండుసార్లు అన్నవాడు రేపు ఉప్పల్ ఇరానీ హోటల్లో ఏమంటాడో! ప్రతి వీసా నిర్ణయమూ దేశ భద్రతా నిర్ణయమే అని వాళ్ళే అన్నారు కదా. మాకూ ఓ భద్రత ఉంది.

వీసా కావాలంటే దేవుడి సాయం కూడా ఉండాలి. మన పిల్లలు చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి, కోరిక తీరాక 108 చేసి వస్తారు. అమెరికా పిల్లలకు అంత దూరం ఎందుకని ఉప్పల్ రింగ్ రోడ్డు చుట్టూ 11 పెట్టాం. ఆఫీసులు వదిలే వేళ. పదకొండోది పూర్తయ్యేసరికి వాడి సెమిస్టర్ అయిపోతుంది. 108 సంగతి వాడి మనవళ్ళు చూసుకుంటారు.

పని నిబంధనలు కూడా వాళ్ళవే దింపాం. క్యాంపస్‌లో వారానికి 20 గంటలు. క్యాంపస్ అంటే మెట్రో స్టేషన్ నుంచి బండ్లగూడ మూల దాకా. టిఫిన్ సెంటర్లో చట్నీ రుబ్బొచ్చు, మిర్చి బజ్జీల బండి దగ్గర కాగితాలు చింపొచ్చు, ఆర్టీఏ ట్రాక్ బయట నిలబడి ఫెయిలైనవాళ్ళని ఓదార్చొచ్చు. ఉప్పల్ దాటాడా, క్యాంపస్ దాటినట్టే. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో రాత్రి షిఫ్టు దొరికిందని ఆశపడి పోతే, ఆ తెల్లారే వాడి వీసా మూసీలో. ఆదివారం శ్రమదానానికి డుమ్మా కొట్టినా అంతే.

ఊరు చూపించడానికి లోటు లేదు. నాగోల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రో ఎక్కొచ్చు. 2025 మేలో చార్జీ పెంచి, వారం తిరక్కుండా పదిశాతం తగ్గించిన ఔదార్యం వల్ల అప్పట్లో 69 రూపాయలతో పోయేది. ఉప్పల్ స్కైవాక్ ఎక్కి కింద ట్రాఫిక్‌ని కొండ మీద నుంచి సముద్రాన్ని చూసినట్టు చూడొచ్చు. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్ళని ఉప్పల్-నారపల్లి కారిడార్‌కి తీసుకుపోతాం. 2018లో మొదలెట్టిన వంతెన. 2025 నాటికి స్తంభాలు నిలబడి ఉన్నాయి, వంతెన ఇంకా రాలేదు. రోమ్‌లో కట్టి కూలినవి చూస్తారు, ఇక్కడ కట్టకముందే శిథిలమైనవి చూడొచ్చు.

ఇంతవరకూ అందరం నవ్వుకున్నాం. ఒహాయో వేషం విప్పేసి పై పోర్షన్ అబ్బాయి అడిగాడు. “అంకుల్, సమ్మర్‌లో క్యాంపస్ జాబ్ లేకపోతే రెంట్ ఎలా కడతారు?”

మా టేబుల్ దగ్గర ఎవరికీ నోరు రాలేదు.

ఎలా కడతారో కాలనీలో సగం ఇళ్ళకి తెలుసు. ప్రతి ఇంటి నుంచీ ఒకడు పోయినవాడే కదా. మేలో క్లాసులైపోతాయి. రూల్ ప్రకారం సెలవుల్లో క్యాంపస్‌లో పూర్తి సమయం పనిచేయొచ్చు. కానీ క్యాంపస్ ఖాళీ అయ్యాక ఎవడికి వడ్డించాలి, ఏ లైబ్రరీలో కూర్చోవాలి? అద్దెకు సెలవుల్లేవు. ఇక్కడ ప్లాట్ కాగితాలు పెట్టుకున్న బ్యాంకుకీ లేవు. అప్పుడు గ్యాస్ స్టేషన్ కౌంటర్ వెనక, హోటల్ వంటింట్లో, రాత్రిపూట, చేతికి క్యాష్. అదీ మన పిల్లల సమ్మర్ వర్క్ ట్రావెల్. నిబంధన మీరినట్టే, కాదనను. 2025 జనవరి నుంచి డిపోర్టేషన్ భయంతో చాలామంది ఆ పనులూ మానేశారు.

2018 జులైలో కాన్సస్ సిటీలో, తాను పనిచేస్తున్న రెస్టారెంటులో ఓ తెలుగు విద్యార్థిని కాల్చి చంపారు. 2024 నవంబర్‌లో షికాగో దగ్గర ఓ గ్యాస్ స్టేషన్‌లో ఇంకొకణ్ణి. మధ్యలో ఎందరో. ప్రతిసారీ అదే వరస. ఎవరో చందాలు పోగుచేస్తారు, శంషాబాద్‌లో పెట్టె దిగుతుంది, మంత్రి ట్వీట్ చేస్తాడు.

2023-24లో అమెరికాలో చదివిన మన దేశపు పిల్లలు 3,31,602 మంది. అన్ని దేశాల విద్యార్థులూ కలిసి ఆ ఏడాది అక్కడి ఆర్థిక వ్యవస్థలో పోసింది 4,380 కోట్ల డాలర్లు. ప్రివిలేజ్ అంటే ఏంటో నాకెవరైనా తెలుగులో చెప్పండి. ఎదురు డబ్బులిచ్చి భయాన్ని కొనుక్కోవడమా? అమెరికా దొరలారా, ఇరవై రెండేళ్ళ పిల్లాడు ఐదేళ్ళ కిందట, ఇంటర్ చదివేటప్పుడు, ఏ జోక్‌కి నవ్వాడో చదవడానికి మీకు తీరికుంది, జీతమిచ్చి పెట్టుకున్న మనుషులున్నారు. అదే మీ దేశంలో చాలా రాష్ట్రాల్లో, ఓ ప్రైవేటు మనిషి దగ్గర తుపాకి కొనుక్కునేవాణ్ణి ‘నీ సంగతేంట్రా’ అని అడిగే నాథుడు లేడు. వాడి అకౌంట్ పబ్లిక్‌గా ఉందా లేదా అని ఒక్కరూ చూడరు. వాడిది హక్కు. కౌంటర్ వెనక నిలబడ్డ మా వాడిది ప్రివిలేజ్. సిగ్గుండాలి ఆ మాట అనడానికి. అది విని ఊరుకున్న మన ఢిల్లీకీ, పంపడానికి తప్ప ఉంచుకోవడానికి దారి చూపని మన హైదరాబాద్‌కీ కూడా ఉండాలి.

రాత్రి పది దాటాక అబ్బాయి మా మెట్ల మీద కూర్చుని తన పాత ఫొటోలు ఒక్కొక్కటే జరుపుతున్నాడు. తీసేస్తే అనుమానిస్తారట, ఉంచితే ఏమంటారో తెలియదట. ఒక ఫొటో దగ్గర ఆగి నాకు చూపించాడు. దీపావళిది. మా గేటు ముందే తీసింది. వాడి చేతిలో రీలు తుపాకి, పక్కన చెవులు మూసుకున్న చెల్లెలు.

“ఇది ఉంచనా అంకుల్?”

నేను ఆలోచిస్తుండగానే తీసేశాడు.