తగ్గించిందెవరు?

వీర్నపల్లిలో ఏ వాకిట్లోనైనా జరగగల అద్భుతం ఇది. తాత చేతిలోంచి చాయ్ గిలాస జారుతుంది. మూతి ఒక పక్కకు వంగుతుంది, మాట ముద్దవుతుంది. పావుగంటలో అంతా సక్కగై తాత ఇంకో చాయ్ అడుగుతాడు. పంచాయితీ అప్పుడు మొదలవుతుంది: తగ్గించిన ఘనత ఎవరిది?

ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీసిన అవ్వ తనదంటుంది. గ్లూకోజు సీసా ఎక్కించిన ఆర్‌ఎంపీ కూడా తనదే అంటాడు, బిల్లుతో సహా. హైదరాబాద్ నుంచి వీడియో కాల్‌లో "ఏం గాదు నాయినా, పండుకో" అన్న కొడుక్కీ ఇందులో వాటా ఉంది.

నిజానికి మెదడు నరానికి అడ్డంపడ్డ నెత్తురుగడ్డ దానంతట అదే కరిగిపోయింది. దీన్నే డాక్టర్లు టీఐఏ అంటారు, మినీ స్ట్రోక్ అన్నా అదే. చాలాసార్లు గంటలోపే పోతుంది. పెద్ద పక్షవాతం వచ్చే ప్రమాదం ఆ తర్వాతి 2 రోజుల్లోనే అన్నిటికన్నా ఎక్కువ. సరిగ్గా ఆ 2 రోజుల్లోనే మనవాళ్లు తాతను తీసుకొని వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లించడానికి బయలుదేరుతారు. కోడె లైన్లో గంటలు నిలబడే ఓపిక ఉంటుంది. అదే వేములవాడలో సర్కారు దవాఖాన ఓపీ చీటీ లైను మాత్రం మహా పొడుగు!

రోగాన్ని గుర్తుపట్టకపోవడానికి పేర్లు ముందే తయారు. తూలితే కల్లు, తాగని రోజు కూడా. ఒక కంటికి తెర దిగినట్టు చూపు పోతే శుక్లం. చేయి తిమ్మిరెక్కితే వాతం. మాట తడబడితే ముసలితనం. ఇంటిల్లిపాదీ బీడీలు చేసే ఇళ్లలో, కట్టలో ఒక్క బీడీ వంకరున్నా ఏరేస్తారు. అవ్వ మూతి వంకరపోతే "రాత్రి నిద్ర లేదు" అని సర్దేస్తారు.

నవ్వమనండి, రెండు చేతులూ ఎత్తమనండి, ఒక మాట పలికించండి. ఏ ఒక్కటి తేడా వచ్చినా మొదలైన టైము గుర్తుపెట్టుకొని 108కు ఫోన్ చేయాలి, తగ్గిపోయినా సరే. ఇంట్లో ఉన్న గుండె గోలీ మింగించొద్దు. నరం మూసుకుపోయిందా, చిట్లిందా అన్నది స్కాన్ చెప్పాలి, పక్కింటాయన కాదు. 2005 నుంచి తిరుగుతున్న 108 బండికి పైసా ఇవ్వక్కర్లేదు. బహుశా అందుకే నమ్మకం కుదరదు.

రెండోసారి వచ్చింది పావుగంటలో పోకపోవచ్చు. అప్పుడు ఘనత అడిగేవాళ్లు ఒక్కరూ కనబడరు. పావురం నెత్తురుతో మర్దన చేస్తే పక్షవాతం పోతుందని ఎవరో అంటారు. గడ్డ కరిగించే సూది 4.5 గంటల్లోపే పడాలి. పావురం అంత తొందరగా దొరకదు.