పూర్తి సెట్టు

ఒక సంగీత బృందం విడుదల చేసిన రికార్డులన్నిటినీ తేదీల వరుసలో పేర్చిన పట్టికను డిస్కోగ్రఫీ అంటారు. దాన్ని వినడం కుదరదు. అయినా రికార్డుల సేకర్తలు పాటకన్నా ముందు దాన్నే అడుగుతారు, పిల్లను చూడకముందే జాతకం అడిగినట్టు. పట్టికలు రెండు రకాలు. ఏడెనిమిది ఆల్బమ్‌లతో, అరలో ఒక్క వరుసకు సరిపోయేది పొందికైన రకం. గుమ్మడిపాదులా గోడెక్కి పక్కింటి పెరట్లోకి దిగేది రెండోది. పొందికైన బృందాలకు నిగ్రహం, దూరదృష్టి ఉన్నాయనీ, రెండో రకానికి చెయ్యి ఊరుకోదనీ సేకర్తల లోకంలో ఒక సిద్ధాంతం స్థిరపడింది.

సేకర్తను ఇంగ్లీషులో కలెక్టర్ అంటారు. ఆ మాట వినగానే తెలుగు పాఠకుడికి జిల్లా, జీపు, బంట్రోతు గుర్తురావడం సహజం. పోలిక మరీ తప్పేమీ కాదు. రికార్డులు సక్రమంగా ఉన్నాయా లేదా అన్నదే ఇక్కడా ప్రశ్న. వాటిలో ఏముందన్నది తర్వాతి సంగతి.

పొందిక సిద్ధాంతానికి మొదటి సాక్షి బీటిల్స్. 1963లో 'ప్లీజ్ ప్లీజ్ మీ' మొదలు 1970లో 'లెట్ ఇట్ బీ' దాకా ఏడేళ్లు, పదమూడు ఆల్బమ్‌లు, అంతే, శుభం అని సేకర్త కళ్లు మూసుకుని చెబుతాడు. కళ్లు తెరిస్తే లెక్క తప్పుతుంది. ఇంగ్లండులో వాళ్లు విడుదల చేసిన స్టూడియో ఎల్పీలు పన్నెండే. పదమూడోదైన 'మేజికల్ మిస్టరీ టూర్' 1967లో అక్కడ ఆరు పాటలతో రెండు చిన్న రికార్డులుగా వచ్చింది. అమెరికాలో కేపిటల్ సంస్థ ఆ ఆరింటికి ఆ ఏడాది సింగిల్స్‌లోని అయిదు పాటలు జోడించి ఎల్పీ చేసింది. 1987లో బీటిల్స్ ఆల్బమ్‌లు సీడీలుగా వచ్చినప్పుడు ఈ అమెరికా దత్తపుత్రుణ్ణే వంశవృక్షంలోకి ఎక్కించారు. 'షి లవ్స్ యు', 'హే జూడ్' లాంటి పాటలైతే ఇంగ్లండులోని ఏ స్టూడియో ఆల్బమ్‌లోనూ లేవు. అలా ఊరు బయట మిగిలిపోయిన వాటికి 1988లో 'పాస్ట్ మాస్టర్స్' అనే రెండు సంపుటాల్లో నీడ దొరికింది. అంటే బీటిల్స్ పొందిక బీటిల్స్ విడిపోయిన పద్దెనిమిదేళ్లకు పూర్తయింది. అది సంగీతకారుల నిగ్రహం కాదు, గుమాస్తాల ఓపిక. ఇక ఆ పదమూడులోనే ఉన్న 'ఎల్లో సబ్‌మెరీన్'లో కొత్త బీటిల్స్ పాటలు నాలుగే. రెండో వైపంతా నిర్మాత జార్జ్ మార్టిన్ సమకూర్చిన వాద్యబృంద సంగీతం.

అరవైల నాటి అమెరికన్ శ్రోతకు ఈ వరుస తెలియనే తెలియదు. ఇంగ్లండు ఆల్బమ్‌లో సాధారణంగా పద్నాలుగు పాటలుండేవి. కేపిటల్ వాటిని పదకొండు, పన్నెండుకు కత్తిరించి, మిగిలిన ముక్కలతో అదనపు ఆల్బమ్‌లు కుట్టేది. అలా కుట్టినదే 1966 నాటి 'యెస్టర్‌డే అండ్ టుడే'. దాని అట్టమీద నలుగురూ కసాయివాళ్ల తెల్లకోట్లలో, మాంసం ముక్కలూ తలలు తెగిన బొమ్మలూ ఒళ్లో పెట్టుకుని నవ్వుతూ కనిపించారు. గోల పుట్టింది. కంపెనీ సరుకు వెనక్కి తెప్పించి, చాలా అట్టలమీద ట్రంకుపెట్టె దగ్గర బుద్ధిగా ఉన్న మరో ఫొటో అంటించింది. దీనితో ఒక శాస్త్రమే పుట్టింది. కొత్త ఫొటో అసలు అంటించనిది మొదటి దశ, అంటించినది అలాగే ఉన్నది రెండో దశ, అంటించినదాన్ని ఆవిరిపట్టి ఒలిచినది మూడో దశ. మూడు దశల్లోనూ పాటలు అవే.

లెడ్ జెప్లిన్‌ది ఇంకా శుభ్రమైన పట్టికగా చెబుతారు. 1969 నుంచి 1979 దాకా ఎనిమిది స్టూడియో ఆల్బమ్‌లు. 1980 సెప్టెంబరులో డ్రమ్మర్ జాన్ బోనమ్ చనిపోయాడు, మిగిలిన ముగ్గురూ బృందాన్ని ముగించారు. 1982లో పాత మిగుళ్లతో 'కోడా' వచ్చింది. అది తొమ్మిదోదా, తద్దినమా అన్న వాదన తెగలేదు. జాయ్ డివిజన్‌వి రెండే ఆల్బమ్‌లు. రెండోది 'క్లోజర్' వెలువడే నాటికి గాయకుడు ఇయన్ కర్టిస్ బతికి లేడు. ఇరవై మూడేళ్లకే పోయినవాడి కళాత్మక నిగ్రహాన్ని పొగడడం మన ఊళ్లలో అయితే మర్యాద అనిపించుకోదు. సెక్స్ పిస్టల్స్‌ది మరీ సులువు, 1977లో ఒక్కటే స్టూడియో ఆల్బమ్. కాని దాని తొలి ప్రతుల్లో పదకొండు పాటలే ఉండి, పన్నెండోది ఒకవైపే పాడే చిన్న రికార్డుగా విడిగా వచ్చింది. ఒక్క ఆల్బమ్ ఉన్న బృందానికే పూర్తి సెట్టు ఏదో తేల్చడానికి కొలతబద్ద కావలసివచ్చింది.

గుమ్మడిపాదు వర్గం తక్కువది కాదు. మాంచెస్టర్‌కు చెందిన ద ఫాల్ 1976లో మొదలై, నాయకుడు మార్క్ ఇ. స్మిత్ 2018లో పోయేదాకా నడిచింది. దాని స్టూడియో ఆల్బమ్‌లు ముప్ఫై ఒకటా, ముప్ఫై రెండా అన్నది లెక్కించేవాళ్లను బట్టి ఉంటుంది. 1981లో వచ్చిన 'స్లేట్స్' పది అంగుళాల రికార్డు. సింగిల్‌కు పొడుగు, ఎల్పీకి పొట్టి కావడంతో ఇంగ్లండు అమ్మకాల జాబితాల్లో రెండింటిలోనూ దానికి చోటు దొరకలేదు. ఒకప్పటి ఒహాయో బడిపంతులు రాబర్ట్ పోలార్డ్ తన బృందం గైడెడ్ బై వాయిసెస్ తరఫున 2000లో 'సూట్‌కేస్' తెచ్చాడు. అందులో నూరు పాటలు, ఒక్కోదానికి ఒక్కో కల్పిత బృందం పేరు. ఒక్క పెట్టెతో నూరు డిస్కోగ్రఫీలు పుట్టాయి, ఒక్కోటీ సంపూర్ణం, అన్నీ పొందికైనవే. తలమీద కోడివేపుడు బకెట్టు బోర్లించుకుని గిటారు వాయించే బకెట్‌హెడ్ 2015లో 118 ఆల్బమ్‌లు విడుదల చేశాడు, సగటున మూడు రోజులకొకటి. జపాన్ రణగొణధ్వని కళాకారుడు మెర్జ్‌బో పెట్టెలో యాభై సీడీలున్నాయి. ఒకటి పోయినా కొన్నవాడు గుర్తుపట్టేది వరుస సంఖ్య చూసే.

వీళ్లందరికీ పెద్దన్న గ్రేట్‌ఫుల్ డెడ్. స్టూడియో ఆల్బమ్‌లు చూస్తే పదమూడే, బీటిల్స్‌లా పొందికగా కనిపిస్తారు. కచేరీలు మాత్రం సుమారు 2,300. 1984 నుంచి ప్రేక్షకులలో రికార్డింగు చేసుకునేవాళ్లకు విడిగా టికెట్లిచ్చి చోటు కేటాయించారు. దాంతో శ్రోతలు రెండు తెగలయ్యారు, కచేరీ వినేవాళ్లు, కచేరీ టేపులోకి సరిగ్గా ఎక్కుతోందా అని మీటరు సూది చూసేవాళ్లు. టేపులు పోగేసే డిక్ లాట్వాలా అనే అభిమానినే బృందం తన భాండాగారానికి కాపలా పెట్టింది. అతని పేరున మొదలైన వరుస 36 సంపుటాలు నడిచింది. 2015లో ఏడాదికొక కచేరీ చొప్పున ముప్ఫై కచేరీలను 80 సీడీలలో, 73 గంటల సంగీతంగా అమ్మారు. పెట్టెలు 6,500 మాత్రమే. రోజుకొక గంట చొప్పున వింటే సంక్రాంతికి మొదలుపెట్టినవాడు ఉగాదికి అటూఇటూగా ముగిస్తాడు.

సేకరణలోని ఆకర్షణ ఏమిటని అడిగితే బొమ్మల కొలువు చూపించవచ్చు. బేసి మెట్లు పేర్చి, తెల్లగుడ్డ పరిచి, ఒక్క మెట్టుమీద ఖాళీ కనిపిస్తే అమ్మమ్మలు ఊరుకోరు. కుంకుమ భరిణైనా సరే తెచ్చి పెడతారు. కొలువుకు పది రోజుల్లో విముక్తి ఉంది. డిస్కోగ్రఫీకి లేదు, ఎందుకంటే ఖాళీలను తయారుచేసేది కంపెనీలే. ఐరోపాలో రికార్డింగుల హక్కు యాభై ఏళ్లుండేది. 2011లో దాన్ని డెబ్బై చేశారు, యాభై ఏళ్లలోపు విడుదలై ఉండాలన్న షరతుతో. మరుసటేడు బాబ్ డిలన్ కంపెనీ 1962 నాటి మిగుళ్లను నాలుగు డిస్కుల్లో సుమారు నూరు ప్రతులు వేసి ఐరోపాలో వదిలింది. ఉద్దేశం హక్కు కాపాడుకోవడం. అట్టమీద కూడా ఆ మాటే దాచకుండా అచ్చువేశారు. ప్రజలు వినకపోయినా ఫరవాలేదు, చట్టం వింటే చాలు. ప్రపంచమంతటా డిలన్ సెట్టు పూర్తయిందనుకున్నవాళ్లు మర్నాడు లేచేసరికి నాలుగు డిస్కులు వెనకబడి ఉన్నారు.

సేకర్తల ఈ పూర్తి సెట్టు జబ్బుతో బాగా ఆడుకున్నది ఆస్ట్రేలియా బృందం కింగ్ గిజార్డ్ అండ్ ద లిజర్డ్ విజర్డ్. 2017లో అయిదు ఆల్బమ్‌లు తెస్తామన్నారు, అయిదోదాన్ని డిసెంబరు 31న తెచ్చి మాట నిలబెట్టుకున్నారు. నాలుగోదైన 'పాలీగాండ్వానాలాండ్' మాస్టర్ ఫైళ్లను ఉచితంగా ఇచ్చేసి, ఎవరైనా రికార్డు వేసుకోవచ్చన్నారు. చిన్నచిన్న లేబుళ్లు రకరకాల రంగుల్లో, అట్టల్లో వందల ముద్రణలు వేశాయి. పొందికవాది దృష్టిలో అది ఒక్క ఆల్బమ్. సేకర్తకు అప్పుతో కట్టుకున్న ఇంటికి ఇంకో గది.

చివరగా నాణ్యత కొలమానం. పాత రికార్డుల వ్యాపారంలో అన్నిటికన్నా పై మెట్టు 'మింట్', అంటే ముల్లు తగలని కన్య. ప్లాస్టిక్ కవరు విప్పనిదైతే ధర ఇంకా పైకి పోతుంది. లోపల ఏ రికార్డుందో కొన్నవాడు చూడడు, చూస్తే పెట్టుబడి పోతుంది. కలకత్తా దగ్గర డమ్ డమ్ కర్మాగారంలో అచ్చయిన బీటిల్స్ రికార్డుల కోసం విదేశీ సేకర్తలు వెతుకుతుంటారు, కాని మన ఇళ్లలో అవి తరచు గీతలు పడి, అట్టమీద కాఫీ గ్లాసు వలయంతో, పెళ్లికూతురి పేరు రాసి దొరుకుతాయి. ఏళ్ల తరబడి ఇంటిల్లిపాదీ విన్న అలాంటి రికార్డుకు ఆ కొలమానంలో దక్కే శ్రేణి పేరు 'గుడ్'. దాని కింద ఇంకో రెండు మెట్లే ఉంటాయి.