చవక టికెట్టు పద్యం: టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
టికెటు చవక యనుచు టింగున నెగిరిన
సీటు వేరు, సంచి చీటి వేరు,
మంచినీళ్లు వేరు, మాటలే యుచితమ్ము,
గాలి యొకటె కలదు కాసు లేక.

ప్రతిపదార్థం: టికెటు = విమానమెక్కుటకు అనుమతి (పూర్వం కాగితం, ఇప్పుడు ఫోనులో నల్లటి గళ్లబొమ్మ); చవక యనుచు = తక్కువ ధరకు వచ్చెనని తలచి; టింగునన్ = ఒక్క ఉదుటున; ఎగిరినన్ = గంతు వేయగా (ఇక్కడ ఎగిరినవాడు ప్రయాణికుడు; విమానం ఇంకా ఎగరలేదు); సీటు = కూర్చుండు చోటు; వేరు = విడిగా వెల చెల్లింపవలసినది; సంచి చీటి = సామానుకు చుట్టు పట్టీ; వేరు = పైవిధముగనే; మంచినీళ్లు = సీసాలో ఉన్నవి; వేరు = మరల పైవిధముగనే; మాటలే = అనౌన్సుమెంట్లు మాత్రమే; ఉచితమ్ము = వెల లేనివి; గాలి యొకటె = పీల్చుకొనునది మాత్రమే; కాసు లేక = పైకము ఇయ్యకయే; కలదు = దొరకును.

తాత్పర్యం: టికెట్టు చవగ్గా వచ్చిందని గంతేసినవాడు కూర్చోడానికి, సామాను వెయ్యడానికి, గొంతు తడుపుకోడానికి మళ్లీ మళ్లీ చెల్లించుకుంటాడు. ఊరికే దక్కేవి మాటలూ గాలీ.

వ్యాఖ్య.

కవి ఎవరో తెలియదు. పద్యం ఒక బోర్డింగు పాసు వెనక రాసి ఉండగా దొరికిందంటారు. కాలనిర్ణయానికి ఒకటే ఆధారం. కౌంటరు దగ్గర బోర్డింగు పాసు అచ్చువేసి ఇచ్చినందుకు కొన్ని సంస్థలు 200 రూపాయలు పుచ్చుకునేవి. అలా పుచ్చుకోరాదని పౌర విమానయాన శాఖ 2022లో చెప్పింది. ‘పాసు వేరు’ అని పద్యంలో లేదు కనుక ఇది 2022 తర్వాతిదని ఒక పక్షం. ఆటవెలదిలో అన్ని చార్జీలు పట్టవని, సీసపద్యం ఎత్తుకుని ఉంటే పట్టేవని రెండో పక్షం.

చవక విమానాల సంప్రదాయానికి ఆదిపీఠం టెక్సస్. 1971లో సౌత్‌వెస్ట్ సంస్థ డల్లస్, హ్యూస్టన్, శాన్ ఆంటోనియోల మధ్య విమానాలు మొదలుపెట్టింది. మరుసటేడు డబ్బుకు కటకటపడి ఉన్న నాలుగు విమానాల్లో ఒకటి అమ్ముకుంది. నాలుగింటి పని మూడింటితో లాగాలి కాబట్టి, దిగిన విమానాన్ని పది నిమిషాల్లో మళ్లీ పైకి పంపించారు. తరవాత పుట్టిన భాష్యాలన్నీ ఈ పది నిమిషాల సూత్రానికే. విమానం నేలమీద ఉంటే ఖర్చు, గాలిలో ఉంటే రాబడి. ఐర్లండు ర్యానెయిర్ దీన్ని పొల్లు పోకుండా పాటించింది. మలేసియాలో టోనీ ఫెర్నాండెస్ అప్పుల్లో మునిగిన ఎయిర్ ఏషియాను 2001లో ఒక్క రింగిట్‌కు కొని ఇదే బాట పట్టాడు.

మన దేశానికి ఈ విద్యను 2003లో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ డెక్కన్ పేరుతో తెచ్చాడు. ఆర్.కె. లక్ష్మణ్ గీసిన సామాన్యుడు దానికి గుర్తు. హైదరాబాదు నుంచి విజయవాడకు వేసిన తొలి విమానంలోనే ఇంజను మంట లేచి, ఎక్కిన పెద్దలంతా దిగిపోవలసి వచ్చింది. శకునం చూడనిదే గడప దాటని జనానికి ఇంతకన్నా ఏం కావాలి? అయినా ఎక్కారు. రూపాయి టికెట్టు అన్నాక ఎగబడి ఎక్కారు. (పన్నులు వేరు. పద్యంలో మూడుసార్లు వచ్చిన మాటకు మూలం ఇక్కడ వెతుక్కోవాలి.) ఆ కథకే కల్పన కలిపి తీసిన సినిమా ‘ఆకాశం నీ హద్దురా’.

‘చవక’: కవి తేలిగ్గా తేల్చేసిన ఈ మాట దగ్గరే పండితులు జుట్లు పట్టుకున్నారు. వ్యాపారంలో వాళ్లు చెప్పుకునే పేరు ‘అల్పవ్యయ విమానం’. వ్యయం ఎవరిది? అల్పమైన వ్యయంతో ఎక్కదగిన విమానం కనుక మధ్యమపదలోపి, వ్యయం ప్రయాణికుడిది అని పూర్వపక్షం. టికెట్టు కొనే ప్రతివాడూ ఈ పక్షంవాడే. అల్పమైన వ్యయం గలది ఏదో అది, కనుక బహువ్రీహి, వ్యయం కంపెనీది అని సిద్ధాంతం. ఈ వ్యాఖ్యాత సిద్ధాంతం వైపు.

ఆ వ్యయం ఎలా అల్పమవుతుందో చూడండి. వీలైనంతవరకు ఒకే రకం విమానాలు కొంటారు. పైలట్లకు తర్ఫీదు ఒకటే, మెకానిక్కులకు విడిభాగాలు ఒకటే. యాభై సీట్లకు ఒకరు చొప్పున సిబ్బంది ఉండాలన్నది నియమం కాబట్టి 186 సీట్ల ఏ320లో నలుగురే తిరుగుతారు. అదే నలుగురు, విమానం దిగబోయే ముందు చెత్తసంచి పట్టుకుని వరసల వెంట వస్తారు. ఊడ్పు మనుషుల కోసం నేలమీద ఆగే నిమిషాలు అలా కలిసొస్తాయి. వంట వడ్డనలుండవు. ఉప్మా కావాలంటే మూత చింపి వేడినీళ్లు పోసి, కొద్దిసేపు ఆగి తినమని చెప్పి వెళతారు. పెళ్లివారింట్లో ఉప్మా చూసి మొహం ముడుచుకునే తెలుగువాడు ముప్పై వేల అడుగుల ఎత్తున దాన్ని డబ్బిచ్చి కొంటాడు! ఇండిగో 2006లో తొలి విమానం నడపకముందే, 2005లో, వంద విమానాలకు ఒకేసారి ఆర్డరు పెట్టింది. టోకున కొంటే ధర దిగుతుంది. కొన్నదాన్ని అద్దె సంస్థకు అమ్మి, వాళ్ల దగ్గరే అద్దెకు తీసుకుంటే చేతిలో రొక్కం ఆడుతుంది.

ఇంత పొదుపు చేసి మిగిల్చినది టికెట్టు ధరలో తగ్గుతుందా అంటే, పక్కన పోటీదారు నిలబడి ఉంటేనే తగ్గుతుంది. కొన్న రోజును బట్టి, మిగిలిన సీట్లను బట్టి ధర మారుతుంది కాబట్టి ఒక వరసలో ఆరుగురు కూర్చుంటే ఆరు ధరలుండవచ్చు. పోటీదారులేమో ఒక్కొక్కరే రాలిపోయారు. డెక్కన్‌ను కింగ్‌ఫిషర్ మింగింది. 2012లో కింగ్‌ఫిషరే ఆగిపోయింది. హైదరాబాదు కేంద్రంగా ఎగిరిన ట్రూజెట్ 2017లో చిన్న ఊళ్లను విమానాలతో కలిపే ఉడాన్ పథకం మొదలైన రోజున కడప విమానం నడిపింది; 2022లో అదీ ఆగింది. మరుసటేడు గో ఫస్ట్ దివాలాకు వెళ్లింది. పదిమంది దేశీయ ప్రయాణికుల్లో ఆరుగురికి పైగా ఇండిగో చేతిలో పడ్డారు. 2025 నవంబరులో పైలట్ల విశ్రాంతి నియమాలు కఠినమైతే దానికి సరిపడా పైలట్ల ఏర్పాటు ఆ సంస్థ దగ్గర లేకపోయింది. డిసెంబరులో కొద్ది రోజుల్లోనే వేల విమానాలు రద్దయ్యాయి. మిగిలిన విమానాల్లో సీట్ల ధర ఎంతెత్తుకు లేచిందంటే, 500 కిలోమీటర్ల లోపు 7,500 రూపాయలు, 1,500 కిలోమీటర్లు దాటితే 18,000 రూపాయలు మించరాదని ప్రభుత్వం గీత గీయవలసి వచ్చింది. ఆ వారంలో ఏ సంస్థా తన పేరుముందు నుంచి ‘అల్ప’ తీసెయ్యలేదు. తియ్యనక్కర్లేదు, సమాసం బహువ్రీహి.

‘సీటు వేరు’: శ్లేష. విడిగా కొనవలసినది అని ఒక అర్థం. డబ్బు కట్టనివారికి యంత్రం తన ఇష్టం వచ్చిన చోట సీటిస్తుంది కనుక భర్త నాలుగో వరసలో, భార్య ఇరవయ్యేడో వరసలో అని రెండో అర్థం. పెళ్లయిన కొత్తలో వేరు కాపురం కోసం తపించిన జంటకు అది గంటా పది నిమిషాల పాటు ఆకాశంలో సిద్ధిస్తుంది. పన్నెండేళ్ల లోపు పిల్లల్ని తల్లి పక్కనో తండ్రి పక్కనో కూర్చోబెట్టాలని విమానయాన నియంత్రణ సంస్థ 2024లో ఆదేశించింది. దంపతుల విషయంలో ఆ శాస్త్రం మౌనం.

‘సంచి చీటి వేరు’: పద్యానికి ప్రాణం ఇక్కడుంది. దేశంలో చవక టికెట్టుకు మామూలుగా దక్కేది పొట్టలోకి పంపే సామాను 15 కిలోలు, చేతిసంచి 7 కిలోలు. సామానే లేనివాడికి ధర తగ్గించి అమ్ముకోవచ్చని 2021లో అనుమతి కూడా వచ్చింది. ఇక్కడ వ్యాఖ్యాతకు కవితో పేచీ ఉంది. అన్నీ కలిపి ఒకే ధర పెట్టిన రోజుల్లో, ఒక్క ల్యాప్‌టాప్ సంచితో పొద్దున వెళ్లి రాత్రికొచ్చే ఉద్యోగి, మూడు పెట్టెలవాడి బరువు కూడా తన టికెట్టులో మోసేవాడు. ఫుల్ మీల్స్‌లో పెరుగు ముట్టనివాడూ పెరుగు డబ్బు ఇచ్చినట్టే. విడగొట్టడంలో న్యాయం లేకపోలేదు. కాకపోతే ఆ న్యాయం ఎవరి నెత్తిన పడుతుందో కౌంటరు దగ్గర నిలబడి చూడాలి.

గల్ఫు విమానం వరస చూడండి. జగిత్యాల, నిజామాబాదు, కడప జిల్లాల మనుషులు. అట్టపెట్టె చుట్టూ గోధుమరంగు టేపు, దానిమీద ప్లాస్టిక్ తాడు, పైన స్కెచ్ పెన్నుతో పేరూ ఫోను నంబరూ. రెండేళ్లకు సరిపడా ఇల్లు అందులో ఉంటుంది. కాటా మీద పెట్టగానే ఎర్ర అంకె వెలుగుతుంది, కౌంటరులో అమ్మాయి కిలోకు ఇంత అంటుంది. అతను అడ్డం తిరగడు. పక్కకు జరిగి, తాళంచెవితో టేపు కోసి, పెట్టె విప్పుతాడు. పప్పుల పొట్లం తీసి వెనకవాడికిస్తాడు. వాడి పెట్టెలో ఇంకా కిలో చోటుంది. ఇద్దరికీ అంతకుముందు పరిచయం లేదు. జీన్సు ప్యాంటు మీద ఇంకో ప్యాంటు తొడుగుతాడు. ఒంటిమీది బట్టల్ని తూచే కాటా ఇంకా రాలేదు.

చివరికి పచ్చడి డబ్బా మిగులుతుంది. పెట్టెలో పెడితే బరువు, చేతిసంచీలో పెడితే భద్రత. మిరపకాయ పచ్చడి చేతిసంచీలో కూడదని నియమం ఉంది. ఆవకాయ మిరపకాయ పచ్చడి అవునా? మిరపకాయలతో పెట్టినదే మిరపకాయ పచ్చడి, ఆవకాయ మామిడికాయతో పెట్టినది, కనుక నిషేధం వర్తించదని తార్కికులు. కారం లేని ఆవకాయ లేదు, కనుక వర్తిస్తుందని మీమాంసకులు. స్కానరు దగ్గర జవాను మూత తీసి, వాసన చూసి, పక్కన పెడతాడు. ప్రమాణాలన్నిటిలో ఇది బలీయం. ఎండుకొబ్బరి సంగతి తిరగేసి ఉంది. నూనె ఉండి మంట అందుకుంటుందని దాన్ని పొట్టలోకి పంపే సామానులోనే వద్దన్నారు.

‘మంచినీళ్లు వేరు’: అడిగితే చాలా విమానాల్లో కాగితపు గ్లాసులో పోసి ఇస్తారు. కవి మొహమాటస్థుడు, అడగలేదు.

పన్నులు, రుసుములు: సుగమం. (వ్యాఖ్యాతలు తమకు అర్థంకాని చోట ఈ మాట రాస్తారు.) ఒక్కటి మాత్రం చెప్పాలి. కొన్ని రసీదుల్లో ‘క్యూట్ చార్జి’ అని ఉంటుంది. ముద్దుగా ఉన్నందుకు కట్టించుకున్నారని ఒకరిద్దరు మురిశారు కూడా. విమానాశ్రయంలో సంస్థలన్నీ ఉమ్మడిగా వాడే కంప్యూటర్ల అద్దె అది. ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలు అలా కలిశాయి.

‘మాటలే యుచితమ్ము’: ఆలస్యానికి చింతిస్తున్నామనే మాట ముఖ్యార్థం. దగ్గరి ప్రయాణాల్లో రెండు గంటలు దాటిన ఆలస్యానికి ఫలహారం, టికెట్టుండీ ఎక్కనివ్వకపోతే పరిహారం అడిగే హక్కు ఉన్నాయి. సీట్లకన్నా ఎక్కువ టికెట్లు అమ్మి నిన్ను దింపేసి, ఇరవై నాలుగు గంటల్లోపు వేరే విమానం చూపిస్తే 10,000 రూపాయల దాకా, అదీ దాటితే 20,000 దాకా రావాలి. గంటలోపే బయల్దేరే వేరే విమానం చూపిస్తే ఏమీ రాదు. ఈ మాటలు మైకులో వినపడవు. పుష్పక విమానంలో ఎందరెక్కినా ఇంకొకరికి చోటు మిగులుతుందని ప్రసిద్ధి. ఆ పేరు ఇప్పుడు శంషాబాదు వెళ్లే ఆర్టీసీ బస్సుకు దక్కింది.

‘గాలి యొకటె’: మాటలు ఉచితమని మూడో పాదంలో చెప్పి, నాలుగో పాదంలో గాలి ఒక్కటే అనడం విరోధం కాదా? కాదు. ఆ మాటలూ గాలే.

‘కాసు లేక’: దీనిమీద ఆక్షేపణ ఉంది. ఏ320లో మనం పీల్చేది ఇంజను లోపలి నుంచి మళ్లించి తెచ్చిన గాలి. దానికీ ఇంధనం ఖర్చవుతుంది. ఆ ఇంధనం ఖరీదు టికెట్టులో ఉంది. కనుక గాలికీ కాసు ఇచ్చినట్టే. దీనికి సమాధానంగా నవ్యులు, కవి చెప్పింది తలమీద గుండ్రటి మూతలోంచి ముఖాన కొట్టే చల్లగాలిని గురించి, దాన్ని తిప్పినందుకు చార్జీ లేదు అంటారు. పాతవాళ్లు ఒప్పుకోరు. నేలమీద ఉన్నంతసేపూ ఇంధనం పొదుపు కోసం తోకలోని చిన్న ఇంజనును వీలైనంత తక్కువ వాడడం ఈ వ్యాపారంలో రివాజు. మూత ఎంత తిప్పినా విమానం కదిలేదాకా చల్లగాలి రాదు, అందుచేత ‘కలదు’ అన్న క్రియ చెల్లదు, ‘కలుగగలదు’ అని సవరించుకోవాలి, గణం తప్పినా ఫరవాలేదు అని వాళ్ల వాదం. ఛందస్సును కూడా లెక్కచెయ్యకుండా ఇంత గట్టిగా పట్టుబట్టినవాడు మే నెల మధ్యాహ్నం గన్నవరంలో విమానం ఎక్కినవాడై ఉండాలి.